ఎఫ్ అంటే ఫారిన్

మా అమ్మ బాపట్లలో నా గురించి నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకున్న మాట ఒకటే. "మా పిల్లకి నోట్లో నాలుక లేదండి" అనేది. బియస్సీ లెక్కల్లో ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పేది కాదు. వేసవి సెలవుల్లో కంప్యూటరు ట్రైనింగుకి వెళ్ళి, సోల్డరింగు ఐరన్ పట్టుకుని తీగలు అతకడం నేర్చుకొచ్చానని అసలే చెప్పేది కాదు. అది తెలిస్తే సంబంధాలు రావని భయం. సిగ్గరి పిల్ల, బజారులో తలెత్తదు, మగవాళ్ళ ఎదుట మాట పెగలదు. ఇవీ నా డిగ్రీలు. వినేవాళ్ళు "ఈ రోజుల్లో అలాంటి పిల్లలెక్కడున్నారండీ" అని నిట్టూర్చేవాళ్ళు. నేను లోపలి గదిలో కూర్చుని అదంతా విని మురిసిపోయేదాన్ని.

అదీ నా తెలివి! ఇప్పుడు నా నోటికి జడిసి పక్కింటివాళ్ళు చెత్త మా గుమ్మం వైపు ఊడ్వరు. అప్పుడు మాత్రం నేను అలాంటిదాన్నే. మన భాషలో సిగ్గు అన్న మాట ఒక్కటే, దాంట్లో సరుకులు రెండు. ఆడపిల్లకి ఉండాలనేది ఒకటి, తలెత్తుకోలేని పని చేసినవాళ్ళకి ఉండేది ఇంకొకటి. మొదటిదాన్ని నగలా పెట్టుకు తిరిగినందుకు రెండోది నా మెడకి చుట్టుకుంది. ఎలా చుట్టుకుందో చెబుతాను.

తొంభైల మొదట్లో నేను రేపల్లెలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుని. క్రైస్తవ మిషను వాళ్ళ బడి. కరస్పాండెంటు మా పాస్టరుగారే, ఆయన్ని అందరం అయ్యగారు అనేవాళ్ళం. బడి ఆవరణలోనే టీచర్లకి గదులుండేవి. శనివారం ఒంటిపూట బడి వదలగానే రేపల్లె పాసింజరెక్కి తెనాలిలో దిగి, అక్కడ ఇంకో బండి పట్టుకుని బాపట్ల చేరేదాన్ని. సోమవారం పొద్దున్నే అదే దారిలో వెనక్కి. తెనాలి స్టేషన్లో ఎప్పుడూ బండి కోసం కాసేపు ఆగాల్సి వచ్చేది కాబట్టి, బడికి ఏం కావాలన్నా ఆ ఊరి బజారులో కొనుక్కు రావడం నా వంతైంది.

బడికి రెండు కంప్యూటర్లుండేవి. ఎనభైల్లో ఎవరో విదేశీ దాతలు పంపినవి. ఇప్పటి వాటిలా పెట్టె వేరు, కీబోర్డు వేరు కాదు. లావుపాటి కీబోర్డు ఒకటి ఉండేది, కంప్యూటరంతా దాని పొట్టలోనే. వాటితోపాటు వచ్చిన చిన్న మానిటర్లు ఒక తుఫానులో పైకప్పు కారి నాశనమయ్యాయి. కంప్యూటర్లు మాత్రం ఇనప బీరువాలో ఉండబట్టి బతికిపోయాయి. బతికి ఏం లాభం? బొమ్మ లేని కంప్యూటరు గుడ్డి గుర్రం. నేను ఆ బళ్ళో చేరేనాటికి అవి బీరువాలో పాత హాజరుపట్టీల కింద పడున్నాయి. వాటి మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద ఎవరో పూలకుండీ కూడా పెట్టారు.

నేను వాటిని బయటికి తీశాను. తీగ పెట్టి స్విచ్చేస్తే రెండూ కుయ్యిమని కూశాయి. ఆ కూత విని పదో తరగతి పిల్లలు గుమిగూడారు. సరే, బొమ్మ లేకపోతేనేం అని పాఠం మొదలుపెట్టాను. పిల్లలు నల్లబల్ల మీద ప్రోగ్రాము రాసేవాళ్ళు, నేను కంప్యూటరులా నిలబడి జవాబు చెప్పేదాన్ని. తప్పుంటే "ఎర్రర్" అని అరిచేదాన్ని. ఎర్రర్ అనిపించుకున్న పిల్లని మిగతావాళ్ళు రోజంతా ఏడిపించేవాళ్ళు. మగవాళ్ళ ముందు పెగలని నా గొంతు ఆ గదిలో మాత్రం ఖంగుమనేది.

వాళ్ళలో చెరుకుపల్లి వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది. నాట్లకీ కోతలకీ వెళ్ళే కుటుంబం, హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ కంప్యూటరుకి స్వరాలు చెబితే పలుకుతుందని నేనో రోజు యథాలాపంగా అన్నాను. అంతే, ఆ పిల్ల కంప్యూటర్లతో వచ్చిన పుస్తకంలో చూసి, చర్చిలో పాడే పాట ఒకదాన్ని అంకెల్లోకి మార్చి, బొమ్మ లేకుండానే, ఏ అక్షరం పడిందో కనపడకుండానే టైపు చేసింది. ఒక్క అక్షరం తప్పినా అది పలకదు. ఎక్కడ తప్పిందో చూపించేవాళ్ళు లేరు. పలకలేదంటే మళ్ళీ మొదటి నుంచి కొట్టడమే. అలా వారాల తరబడి కొట్టింది. ఒక సాయంత్రం ఆ కీబోర్డు పాట మొత్తం పాడింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పిల్ల మాత్రం "మూడో చరణంలో ఒకటి తేడాగా ఉందండి" అని మళ్ళీ కూర్చుంది. పది అయిపోతే ఆ పిల్ల ఊరెళ్ళిపోతుంది, మళ్ళీ కంప్యూటరు ముఖం చూసే యోగం లేదు. కనీసం ఆ యేడాదైనా తను కొట్టిన అక్షరాలు తన కంటికి కనపడాలని నేను పట్టుబట్టి కూర్చున్నాను.

అయ్యగారి చెవిన వేశాను. ఆయన మంచి మనిషి, ఎవరినీ కాదనలేరు. గుంటూరులో ఒక ఆఫీసువాళ్ళు పాత మానిటర్లు మార్చేస్తున్నారని తెలిసి, వెళ్ళి అడిగి రెండు తెచ్చిపెట్టారు. కానీ కాదనలేని మనిషితో ఇంకో చిక్కుంటుంది. బాపట్ల మగపిల్లల బడివాళ్ళు కూడా ఆ కంప్యూటర్లు అడిగారు. ఆయన వాళ్ళకీ కాదని చెప్పలేదు.

"చూడమ్మా, మన చర్చి కోతపండక్కి సంఘ పెద్దలంతా వస్తారు. మానిటర్లిచ్చిన వాళ్ళూ వస్తారు. ఆ రోజుకి బొమ్మ వచ్చిందంటే కంప్యూటర్లు మన పిల్లలవే. రాలేదంటే ఊరికే పడుండే బదులు బాపట్ల పంపేద్దాం. ఏమంటావ్?"

"అలాగేనండి" అన్నాను. నేను ఎవరికైనా చెప్పగలిగిన జవాబు అదొక్కటే.

"ఇంకో మాటమ్మా. మానిటర్ల మీద కత్తెర పడనీకు. ఇచ్చినవాళ్ళు చూసి బాధపడతారు."

దానికీ అలాగేనండి అన్నాను.

సంగతేంటంటే, కంప్యూటరు వెనక గుండ్రటి ఆరు బెజ్జాల నోరుంది. మానిటరుకి తొమ్మిది పిన్నుల తోక ఉంది. రెండూ కలవవు. పైగా బొమ్మ అడ్డంగా ఎక్కడ మొదలవ్వాలో, నిలువుగా ఎక్కడ మొదలవ్వాలో చెప్పే కబుర్లు రెండింటినీ ఆ కంప్యూటరు ఒకే తీగ మీద పంపేది. ఈ మానిటరేమో ఏ కబురు ఆ తీగ మీద విడివిడిగా కావాలనేది. మధ్యలో రెండూ విడదీసే ఎడాప్టరు ఒకటి కావాలి. అది నాకొక లెక్క కాదు. ట్రైనింగులో గీసుకున్న పటం చూసి, ముందు ఒక కంప్యూటరుకని చిన్న రేకు డబ్బాలో అన్నీ అతికేశాను. పాడైపోయిన పాత మానిటరు తోక కోసి, గుండ్రటి వైపుకి వాడుకున్నాను. ఇక మిగిలింది రెండో వైపు. మానిటరు తోకకి పిన్నులు పొడుచుకుని ఉన్నాయి కాబట్టి, వాటిని లోపలికి తీసుకునే బెజ్జాలున్న కనెక్టరు ఒకటి కావాలి. తెనాలి బజారులో రేడియో సామాన్ల షాపులో దొరుకుతుంది. దొరకడం కాదు కష్టం, అడగడం కష్టం.

ఎందుకంటే ఆ వ్యాపారంలో పిన్నులున్నదాన్ని మేల్ అంటారు, బెజ్జాలున్నదాన్ని ఫిమేల్ అంటారు. మాన్యువల్లో ఆ మాట చూసి పిల్లలు అడిగారు కూడా, "ప్లగ్గులో ఆడా మగా ఏంటండీ?" అని. నేను ఎర్రబడిపోయి "అదంతా పరీక్షకి రాదు" అని పేజీ తిప్పేశాను.

సరే, ఆ శనివారం తెనాలిలో దిగి షాపుకి వెళ్ళాను. ఇరుకు షాపు. ముందు గాజు బల్ల, దాని ముందు బెంచీ మీద పేపరు చదువుకుంటున్న ఓ పెద్దాయన, మైకు సెట్లు అద్దెకిచ్చే అతనొకడు, ఇంకా ముగ్గురో నలుగురో. అందరూ మగవాళ్ళే. నేను ఒక పక్కగా కొంగు సర్దుకుని నిలబడ్డాను.

షాపాయన మైకు సెట్టతన్ని అడుగుతున్నాడు. "మేలా ఫిమేలా?"

"ఒక మగది, రెండు ఆడయ్యి ఇవ్వు."

పెద్దాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఒక్కడికి ఇద్దరేంట్రా? కేసు పెడతారు జాగ్రత్త."

షాపంతా గొల్లుమంది. "కాపురం చేయించే పూచీ నాది బాబాయ్" అన్నాడు మైకు సెట్టతను. మళ్ళీ నవ్వులు. ఇప్పుడైతే నేనూ ఓ మాట విసిరి నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం నా చెవులు కాలిపోయాయి. ఆ నవ్వుల మధ్య నిలబడి, పెళ్ళికాని పిల్లని, "నాకొక ఆడది ఇవ్వండి" అని ఎలా అడగను? ఫిమేల్ అన్నా అదేగా. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు షాపాయన నా వైపు తిరిగి. ఇలాంటిదేదో జరుగుతుందని భయపడే నేను చీటీ రాసి తెచ్చుకున్నాను. తొమ్మిది పిన్నులు, ఎఫ్, అని. మాట్లాడకుండా చేతికిచ్చాను. అతను చదువుకుని ఊరుకుంటాడనుకున్నాను, నా ఖర్మ. బయటికి చదివాడు.

"నైన్ పిన్, ఎఫ్. ఎఫ్ అంటే ఏంటమ్మా?"

అందరూ నా వైపు చూశారు. పెద్దాయన పేపరు కూడా దించాడు. నా నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. నోట్లో నాలుక లేదని మా అమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఆ క్షణంలో నిజంగానే లేదు.

మైకు సెట్టతను నా మీద జాలిపడ్డాడు. "ఫారిన్ అయ్యుంటది అన్నా. నీ డబ్బాల మీద ఫారిన్ సరుక్కి ఎఫ్ అనే రాస్తావుగా?"

"అవునవును. ఫారిన్దా అమ్మా?"

ఆ రోజుల్లో ఫారిన్ మాటకి ఉన్న గౌరవం చెప్పలేను. ఫారిన్ చీర, ఫారిన్ టేప్ రికార్డరు, ఫారిన్ అగరొత్తులు కూడా. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఆ మాట పట్టుకున్నాను.

"అవునండి" అన్నాను.

"ఫారిన్ది మా దగ్గర లేదమ్మా. మద్రాసు నుంచి రావాల. టైము పట్టిద్ది."

"కోతపండగ లోపు వస్తుందాండి?"

"ఎందుకు రాదు, వచ్చిద్ది" అన్నాడు. నేను బయటపడ్డాను. స్టేషను దాకా గబగబా నడిచాను, ఎవరో తరుముతున్నట్టు. బండెక్కాక గానీ చేసిన పని ఏంటో తెలియలేదు. ఫారిన్దైతే ఏంటి, ఫిమేల్దైతే చాలు కదా, దాంట్లోనూ ఆడదీ మగదీ ఉంటాయి కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఏది తెప్పించమంటావని షాపాయన అడగలేదు, నేను చెప్పలేదు. మంచిదే వస్తుందిలే అని దేవుడి మీద భారం వేశాను. ప్లగ్గుల సంగతి దేవుడికి అప్పగించినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ప్రతి శనివారం షాపు ముందు ఆగేదాన్ని. "ఇంకా రాలేదమ్మా" అనేవాడు. నిజం చెప్పాలంటే ఆ మాట వింటే నాకు హాయిగా ఉండేది. మాట్లాడే పని తప్పేది కదా! అన్నిటికన్నా చండాలం ఏంటంటే, నాకు కావాల్సినవి ఆ గాజు బల్ల కిందే, ప్లాస్టిక్ కవర్లో, నా కళ్ళ ముందే ఉన్నాయి. మన దేశంలో చేసినవి, తొమ్మిది బెజ్జాలవి. వేలుపెట్టి చూపిస్తే చాలు. కానీ వేలు పెడితే అతను "ఫిమేలా?" అని అరుస్తాడు. పేపరు పెద్దాయన ఏదో ఒకటి అంటాడు. నేను వాటిని చూసి చూడనట్టు చూపు తిప్పుకునేదాన్ని. రేపల్లెలో పిల్లలు "వచ్చిందా టీచర్?" అని అడిగితే, మద్రాసు నుంచి వస్తుందని గొప్పగా చెప్పేదాన్ని. మద్రాసు మాట వినగానే వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. ఆ మొహాలు తలుచుకుంటే నాకిప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

కోతపండగకి ముందు శనివారం వచ్చింది. షాపాయన నన్ను చూడగానే లోపలికెళ్ళి, దూదిలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి బల్ల మీద విప్పాడు.

"చూడమ్మా. పిన్నులకి బంగారం పూతంట. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరన్నా ఉందేమో చూపించు!"

పిన్నులకి. ఆ మాటతోనే నాకు సంగతి అర్థమైపోయింది. తొమ్మిది పిన్నులూ బంగారు రంగులో, నిటారుగా, నిగనిగలాడుతూ నిలబడున్నాయి. నిక్షేపంలాంటి మగ ప్లగ్గు.

"బాగుందా అమ్మా?"

"బాగుందండి" అన్నాను. పొట్లం పట్టుకుని బయటికొచ్చాను. నోరు తెరిచి, ఇది కాదండి, రెండోది అని ఒక్క ముక్క అంటే ఆ కవర్లోంచి తీసి ఇచ్చేవాడు. అంతకన్నా కావాల్సిందేమీ లేదు. ఆ ఒక్క ముక్క అనలేదు. బాపట్ల బండెక్కకుండా తిరిగి రేపల్లె బండెక్కి, కిటికీ పక్కన కూర్చుని, నన్ను నేను తిట్టుకుంటూ, ఆ తిట్లు కూడా బయటికి వినపడకుండా తిట్టుకుంటూ వెళ్ళాను.

పెళ్ళిచూపులకి రెండు వైపులా మగపెళ్ళివారే వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో, నా ప్లగ్గూ మానిటరు తోకా అలా ఎదురెదురుగా కూర్చున్నాయి. మానిటరు తోక కోయకూడదని అయ్యగారి మాట. చివరికి సన్నటి రాగి పోగులు తీసి, ఈ పిన్నుకీ ఆ పిన్నుకీ చుట్టి, మధ్యలో తగలకుండా కాగితం ముక్కలు దోపాను. సాయంత్రం పిల్లలందరూ చుట్టూ చేరారు. స్విచ్చేశాను. కుయ్యిమంది, మానిటరు వెలిగింది, బొమ్మ వచ్చింది! కాస్త వణుకుతోంది గానీ వచ్చింది. పిల్లల కేకలకి హాస్టలు వంటామె గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

చెరుకుపల్లి పిల్ల కూర్చుని టైపు చేసింది. ఒక్కో మీటా నొక్కడం, తలెత్తి చూడడం. ఒక్కో మీటా నొక్కడం, తలెత్తి చూడడం. అన్ని వారాలు చీకట్లో తడుముకుని కొట్టిన పాట అక్షరాలై వరసగా దిగుతుంటే, నోరు వెళ్ళబెట్టి చూసింది.

"ఇలా ఉంటదాండీ ఇది?" అంది.

"ఇలాగే ఉంటది" అన్నాను. రేపటికి ఆ పోగులు ఆగితే చాలు ప్రభువా అనుకున్నాను.

మర్నాడు కోతపండగ. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేలం పాట జరిగింది. కొత్త వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, సంఘస్థులు తెచ్చినవన్నీ పాడుకున్నారు. తర్వాత అయ్యగారు పెద్దలందరినీ వెంటబెట్టుకుని మా గదికి వచ్చారు. మానిటర్లిచ్చిన ఆఫీసువాళ్ళు, బాపట్ల బడి హెడ్మాస్టరుగారు, సంఘ పెద్దలు, ఇంకా ఎవరెవరో. గది నిండిపోయింది. పిల్లలు గోడ వారగా నిలబడ్డారు.

"వందనాలండి" అని పిల్లలు ఒక్క గొంతుతో అన్నారు. నేను స్విచ్చేశాను. బొమ్మ వచ్చింది. "భేష్!" అన్నారు అయ్యగారు. చెరుకుపల్లి పిల్ల మీటలు నొక్కడం మొదలుపెట్టింది. 

ఒక సంఘ పెద్దగారు వేలంలో గెలుచుకున్న పుంజుని చంకలో పెట్టుకుని వచ్చారు. కాళ్ళు కట్టున్నాయి గానీ రెక్కలు కట్టలేదు. బాగా కనపడాలని ఆయన ముందుకి వంగారు. పిల్ల నొక్కిన ఏదో మీటకి కంప్యూటరు మళ్ళీ కుయ్యిమనగానే పుంజు బెదిరి, ఒక్కసారిగా రెక్కలు టపటపలాడించింది. ఆయన తూలి బల్ల మీద పడ్డారు. బల్ల కదిలింది, పోగులు ఊడాయి. బొమ్మ పక్కకి సాగి, గిర్రున పైకి దొర్లి, ఆరిపోయింది.

నవ్వులే నవ్వులు. నేను పోగులు మళ్ళీ చుట్టాను. పచ్చటి గీతలు వచ్చాయి. మళ్ళీ చుట్టాను. అవీ పోయాయి. ఆ పిల్ల మాత్రం ఆపకుండా చూడకుండానే కొట్టేసింది, పాట వినిపించింది. మానిటరు నల్లగానే ఉంది.

"పాట రేడియోలో కూడా వస్తుంది కదమ్మా" అన్నారు ఆఫీసాయనొకరు, నొప్పించే ఉద్దేశంతో కాదు.

అయ్యగారు నా దగ్గరికొచ్చారు. "ఏమైందమ్మా?"

"కనెక్షను వదులైందండి."

"బిగించొచ్చు కదా?"

"దానికి వేరే కనెక్టరు కావాలండి."

"ఏ కనెక్టరు? పేరు చెప్పమ్మా. మనుషుల్ని పంపి ఇప్పుడే తెప్పిస్తాను. తెనాలి ఎంతసేపు?"

ఇంతకన్నా దయగా ఎవరడుగుతారు?  పుంజు కూడా ఊరుకుంది. అయ్యగారు, పెద్దలు, ఆఫీసువాళ్ళు, హెడ్మాస్టరుగారు, అందరి కళ్ళూ నా నోటి మీదే ఉన్నాయి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఇంతమంది పెద్దమనుషుల ఎదుట, చర్చి పక్క గదిలో, పండగ పూట! 

"దొరకదండి" అన్నాను.

అయ్యగారు నా తల మీద చెయ్యి వేశారు. "బాధపడకమ్మా. నీ ప్రయత్నం నువ్వు చేశావు. ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకులే, మంచి కుట్టుమిషన్లు తెప్పిస్తాను" అని, బాపట్ల హెడ్మాస్టరుగారి వైపు తిరిగి తలూపారు. పిల్లలు గోడ వారగా అలాగే నిలబడున్నారు. నేను వాళ్ళ వైపు చూడలేదు.

ఆ వారమే కంప్యూటర్లు, మానిటర్లు, నా రేకు డబ్బాతో సహా బాపట్ల వెళ్ళిపోయాయి. ఆపై శనివారం నేను ఇంటికెళ్ళేసరికి మగపిల్లల బడి నుంచి కబురొచ్చింది. డబ్బా కట్టింది మీరే కాబట్టి మీరే బిగించి పెట్టాలి, దయచేసి రండి, అని. అలాగేనండి అన్నాను, ఇంకేమంటాను!

అక్కడి సైన్సు మాస్టారు చురుకైన మనిషి. నేను వెళ్ళేసరికి బల్ల మీద అన్నీ సర్ది ఉంచాడు. రాగి పోగులు చూసి, "ఏంటండీ ఇది, రెండూ మేలే కదా?" అని నవ్వి జేబులోంచి ఓ కవరు తీశాడు. "నిన్న చీరాల వెళ్తే ఫిమేల్ ఒకటి తెచ్చానండి. సైకిల్ షాపు పక్కన చిన్న కొట్టు, అడగ్గానే ఇచ్చాడు."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఆ గదిలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ తల తిప్పలేదు. మగపిల్లలు బల్ల అంచు మీద గడ్డాలు ఆనించి, ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు. నేను బంగారు పిన్నుల ప్లగ్గు విప్పేసి, ఆ నల్లటి మామూలు ఫిమేల్ కనెక్టరుకి తీగలన్నీ ఒక్కొక్కటే అతికాను. మానిటరు తోక టక్కున దాంట్లోకి వెళ్ళింది. బొమ్మ గోడకి కొట్టిన మేకులా నిలబడింది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరుగారు కూల్ డ్రింకు తెప్పించారు. నేను పూర్తిగా తాగలేకపోయాను. సగం తాగి, కడుపులో బాగాలేదని చెప్పి లేచొచ్చేశాను.

సోమవారం రేపల్లె వెళ్ళాను. పదో తరగతిలో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. నేను బాపట్లలో బిగించడానికి వెళ్ళానని వాళ్ళకి అప్పటికే తెలిసిపోయింది. బాపట్ల బడివాళ్ళు అయ్యగారికి ఫోను చేసి చెప్పారట.

"అక్కడ వచ్చిందాండీ?" అని అడిగింది చెరుకుపల్లి పిల్ల.

"వచ్చింది."

"వణుకుతా ఉందాండీ, బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది."

ఆ పిల్ల మొహంలో ఏడుపు కోసం వెతికాను. ఏడిస్తే ఓదార్చొచ్చు, అది నాకు చేతనైన పని. ఆ పిల్ల ఏడవలేదు, ఆలోచిస్తోంది. తన ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు పెట్టే మొహమే పెట్టింది.

"ఏం మారిస్తే వచ్చిందండీ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. డబ్బాలో లోపముంది, సరిచేశాను అంటే సరిపోయేది. ఎందుకో ఆ మొహం ముందు నోరు రాలేదు.

"ఫిమేల్ కనెక్టరు పెట్టాను." ఆ మాట నేను బయటికి అనడం అదే మొదలు. మెల్లగా అన్నాను.

"అదెక్కడ దొరికిందండీ?"

"చీరాల్లో. తెనాల్లో కూడా ఉన్నాయి."

"మరి మనకి మద్రాసు నుంచి తెప్పించారు కదండీ?"

"అది వేరే. నేను అడిగింది వేరే అనుకున్నాడు షాపాయన."

"మళ్ళీ అడగలేదాండీ?"

"లేదు."

"ఎందుకండీ?"

"షాపు నిండా మగవాళ్ళున్నారే" అన్నాను. ఎర్రర్ అనిపించుకున్న పిల్లలా గొణిగాను.

ఆ పిల్ల అర్థం కానట్టు నా వైపు చూసింది. కోపం లేదు, వెక్కిరింత లేదు. ఉంటే బాగుండేది.

"మమ్మల్ని పంపాల్సిందండీ" అంది. "మేం అడిగేవాళ్ళం."

మిగతా పిల్లలు కూడా అవునండి, అవునండి అని తలలూపారు.